ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత ఇంకో ఏడాది: రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా ఏం నేర్పుతుంది, ఎవరికి పనికొస్తుంది

క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ చికిత్సకు వెళ్లిన రోగికి సాధారణంగా ఇద్దరు కనిపిస్తారు. చికిత్స రాసే డాక్టరు ఒకరు, యంత్రం నడిపే టెక్నాలజిస్టు ఇంకొకరు. మూడో మనిషి కూడా ఉంటారు గానీ రోగికి ఎదురుపడటం తక్కువ. డాక్టరు ‘60 గ్రే, 30 విడతల్లో’ అని రాస్తారు. గ్రే అంటే శరీరం పీల్చుకునే రేడియేషన్ డోసుకు కొలమానం. ఆ యంత్రం నుంచి విడతకు రెండు గ్రేలే వస్తున్నాయని, అవి గడ్డ ఉన్నచోటే పడుతున్నాయని, పక్కనున్న వెన్నుపాముకు హద్దు దాటి తగలడం లేదని లెక్కకట్టి, కొలిచి, కాగితం మీద సంతకం పెట్టేది ఆ మూడో మనిషి. ఆయన మెడికల్ ఫిజిసిస్టు. ఎంబీబీఎస్ చదివినవారు కాదు. మన యూనివర్సిటీల్లో అందరిలాగే ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తిచేసి, ఆ పైన ఏడాది పాటు పీజీ డిప్లొమా చదివినవారు.

సైన్సులో పీజీ డిప్లొమా అనగానే మన దగ్గర పెద్దగా గౌరవం పలకదు. ఎమ్మెస్సీ చేతిలో ఉన్నాక మళ్లీ డిప్లొమా అంటే ఇంట్లోవాళ్లకు మెట్టు దిగినట్టు ఉంటుంది. ఆ ఏడాదిలో బీఈడీ చేసుకోవచ్చు, జూనియర్ లెక్చరర్ పరీక్షకు కూర్చోవచ్చు, అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు పట్టుకుని సాఫ్ట్‌వేర్‌లోకి పోవచ్చు అన్న సలహాలు చుట్టుముడతాయి. ఆ సలహాలు చాలా పీజీ డిప్లొమాల విషయంలో సరైనవే. ఏడాది ఫీజు కట్టించుకుని, నాలుగు థియరీ పేపర్లు రాయించి, ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టే కోర్సులు చాలానే ఉన్నాయి. కానీ రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా సంగతి వేరు. ఆ తేడా ఎక్కడుందో అర్థమైతే సైన్సులో ఏ పీజీ డిప్లొమాకు విలువ ఉంటుందో, దేనికి ఉండదో తూచుకోవడం తేలికవుతుంది.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకోవాలి. పీజీ డిప్లొమా పేరుతో నడిచే చదువులన్నీ ఒక తరహావి కావు. 2024లో యూజీసీ తెచ్చిన పీజీ క్రెడిట్ చట్రం ప్రకారం రెండేళ్ల పీజీలో చేరి మొదటి ఏడాది పూర్తిచేసి బయటికి వెళ్లిపోదలచినవారికి పీజీ డిప్లొమా ఇస్తారు. అది ఎమ్మెస్సీలో సగం. న్యూజిలాండ్ యూనివర్సిటీల్లో పీజీ డిప్లొమా ఇన్ సైన్స్ అంటే డిగ్రీ తర్వాత 120 క్రెడిట్ల ఏడాది చదువు. చాలామంది దాని మీదుగా థీసిస్ రాసే ఎమ్మెస్సీలోకి నడుస్తారు. అక్కడది మాస్టర్స్‌కు గుమ్మం. రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా ఈ రెండింటికీ భిన్నం. ఇది ఎమ్మెస్సీ పూర్తయ్యాకే మొదలవుతుంది. దీని పని మరింత ఫిజిక్స్ చెప్పడం కాదు, తెలిసిన ఫిజిక్స్‌కు మనిషి ప్రాణం ముడిపడినప్పుడు ఎలా పనిచేయాలో నేర్పడం.

ఈ కోర్సు మన దేశంలో 1962లో మొదలైంది. ముంబయిలోని ట్రాంబేలో, ఇప్పుడు బార్క్ అని పిలిచే భాభా అణు పరిశోధన కేంద్రంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో పెట్టారు. మొదట ముంబయి యూనివర్సిటీ పట్టా ఇచ్చేది. 2005లో హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ డీమ్డ్ యూనివర్సిటీ అయ్యాక పట్టా ఇచ్చే బాధ్యత దానికి వచ్చింది. కోర్సు మొదలైన కాలంలో దేశంలో టెలీకోబాల్ట్ యంత్రాలు, అంటే కోబాల్ట్ కిరణాలతో బయటి నుంచి చికిత్స చేసేవి, కొత్తగా అడుగుపెడుతున్నాయి. యంత్రం కొనడానికి డబ్బు దొరికింది, వాడే డాక్టర్లు తయారవుతున్నారు, కానీ కోబాల్ట్ నుంచి వచ్చే గామా కిరణాన్ని కొలిచి చెప్పగలవారు లేరు. ఆ లోటు తీర్చడానికి పుట్టిన కోర్సు ఇది. ఉద్యోగం ముందు పుట్టి, దాని కోసం చదువు తర్వాత తయారైంది. చాలా పీజీ డిప్లొమాల్లో వరస తలకిందులు: కోర్సు ముందు పెడతారు, దానికి తగ్గ ఉద్యోగం ఎక్కడుందో విద్యార్థే వెతుక్కోవాలి.

ఇంకో బలం నియంత్రణ సంస్థ నుంచి వచ్చింది. 1983 నవంబరులో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, రేడియేషన్ వాడే ప్రతి ఆసుపత్రికీ షరతులు పెట్టింది. రేడియోథెరపీ విభాగం నడవాలంటే అర్హుడైన మెడికల్ ఫిజిసిస్టు ఉండాలి, రేడియలాజికల్ సేఫ్టీ ఆఫీసరు ఉండాలి. అర్హత అంటే ఏమిటో కూడా రాసిపెట్టింది. ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఆపైన గుర్తింపు పొందిన రేడియలాజికల్ లేదా మెడికల్ ఫిజిక్స్ డిప్లొమా, ఆపైన సదుపాయాలున్న రేడియోథెరపీ విభాగంలో పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్. లేదంటే ఫిజిక్స్‌తో బీఎస్సీ, ఆపైన మెడికల్ ఫిజిక్స్‌లో నేరుగా ఎమ్మెస్సీ, మళ్లీ అదే ఇంటర్న్‌షిప్. ఈ అర్హత లేనివారిని ఆ కుర్చీలో కూర్చోబెట్టడానికి వీల్లేదు. డిప్లొమా విలువ యాజమాన్యం దయ మీదో, ఇంటర్వ్యూ చేసేవారి అభిరుచి మీదో ఆధారపడకుండా ఉన్నది అందుకే.

ఎమ్మెస్సీ చదివినవారికి ఇంకా నేర్చుకోవలసింది ఏముంటుంది?

ఈ ప్రశ్న సహజమే. న్యూక్లియర్ ఫిజిక్స్ పేపరు ఉస్మానియాలోనూ ఉంది, ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఉంది, శ్రీ వేంకటేశ్వరలోనూ ఉంది. కాంప్టన్ పరిక్షేపణం, ఫోటో విద్యుత్ ఫలితం, జంట ఉత్పత్తి, రేడియోధార్మిక క్షీణత నియమం అన్నీ చదివే వస్తారు. క్షీణత సమీకరణం ఇంటర్మీడియట్ నుంచీ తెలుసు. కోబాల్ట్-60 అర్ధజీవిత కాలం 5.27 సంవత్సరాలని, 1.17, 1.33 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు వదులుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవారే.

అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్ నగరంలోని ఒక ఆసుపత్రిలో 1974-76 మధ్య జరిగిన ప్రమాదం ఆ క్షీణత నియమం చుట్టూ తిరిగింది. కోబాల్ట్ యంత్రాన్ని మొదట సరిగ్గానే కొలిచారు. ఆ తర్వాత నెలనెలా బలం ఎంత తగ్గుతుందో చెప్పే గ్రాఫును తప్పుగా గీశారు. గ్రాఫు ప్రకారం యంత్రం బలం నిజంగా ఉన్నదానికంటే తక్కువ కనిపించింది. తక్కువ బలానికి ఎక్కువసేపు కిరణం పెట్టాలి కాబట్టి రోగులకు ఎక్కువసేపు పెట్టారు. 22 నెలలపాటు ఎవరూ డోసు కొలిచే ఛాంబర్ పెట్టి మళ్లీ కొలవలేదు. 426 మందికి రాసినదానికంటే ఎక్కువ డోసు తగిలింది. కొందరి విషయంలో ఆ ఎక్కువ 45 శాతం దాకా పోయింది. ఆ గ్రాఫు గీసినవారికి క్షీణత సమీకరణం తెలియక కాదు. నెలకు ఒకసారి అరగంట తీరిక చేసుకుని నీటి ఫాంటమ్‌లో, అంటే రోగి శరీరానికి బదులు వాడే నీటి తొట్టిలో, ఛాంబర్ పెట్టి, గ్రాఫు చెప్పేది యంత్రం చెప్పేది ఒకటేనా అని చూసే అలవాటు అక్కడ లేకపోయింది.

ఈ డిప్లొమా ప్రధానంగా నేర్పేది ఆ అలవాటే. లెక్కను నమ్మకుండా కొలవడం, తన కొలతను ఇంకొకరి చేత తనిఖీ చేయించడం, రెండూ కలవకపోతే కలిసేదాకా రోగిని బల్ల ఎక్కించకపోవడం. ఎమ్మెస్సీ ల్యాబులో జవాబు ఐదు శాతం తేడాతో వస్తే రికార్డులో ‘ప్రయోగ దోషం’ అని రాసి దాటేస్తారు. రేడియోథెరపీలో, ప్రణాళిక నుంచి రోగి దేహం దాకా అన్ని దోషాలూ కలిపి మొత్తం ఐదు శాతం దాటకూడదన్నది అంతర్జాతీయంగా 1970ల నుంచీ ఉన్న సిఫారసు. అందులో యంత్రం ఔట్‌పుట్‌కు దక్కే వాటా రెండు శాతం మాత్రమే.

రెండు శాతం అంటే ఎంత కటువైన హద్దో హైదరాబాదు ఉదాహరణతో చూడవచ్చు. డోసు కొలిచే అయనైజేషన్ ఛాంబర్‌లో ఉండేది మామూలు గాలి. వేలి కొసంత చిన్న గది, దాని ఘనపరిమాణం 0.6 ఘన సెంటీమీటర్లు. అది బయటి గాలితో కలిసే ఉంటుంది. గాలి పలచబడితే లోపల అయాన్లు తక్కువ పుడతాయి, రీడింగు తగ్గుతుంది. అందుకే ప్రతి కొలతకూ ఉష్ణోగ్రత, పీడనం దిద్దుబాటు చేయాలి. ఆధారంగా తీసుకునే పీడనం సముద్రమట్టానిది, 1013 మిల్లీబార్లు. హైదరాబాదు సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ అసలు పీడనం 950 మిల్లీబార్ల దరిదాపుల్లోనే ఉంటుంది. అంటే దిద్దుబాటు ఆరు శాతం పైమాటే. విశాఖపట్నంలో ఈ దిద్దుబాటు దాదాపు సున్నా.

ఇక్కడో ఉచ్చు ఉంది. వాతావరణ వార్తల్లోనూ ఫోన్లలోనూ హైదరాబాదు పీడనం 1010 అనో 1012 అనో కనిపిస్తుంది. అది అబద్ధం కాదు. వేర్వేరు ఊళ్లను పోల్చడానికి వీలుగా సముద్రమట్టానికి మార్చి చెప్పే అంకె అది. బారోమీటరు చూడకుండా ఆ అంకెను దిద్దుబాటులో వేస్తే యంత్రం ఔట్‌పుట్ నిజంగా ఉన్నదానికంటే ఆరు శాతం తక్కువగా లెక్కతేలుతుంది. ఆ లెక్కతో కిరణం పెడితే, ఆ యంత్రం మీద పడుకున్న ప్రతి రోగికీ ఆరు శాతం ఎక్కువ డోసు తగులుతుంది. ఒక్క రోజు కాదు, తర్వాతి కొలత దాకా. ఆదర్శ వాయు సమీకరణం తెలిసిన ఎవరైనా ఇది కాగితం మీద పట్టుకోగలరు. పొద్దున్నే ఏడింటికి, ఎనిమిదిన్నరకు మొదటి రోగి వచ్చేలోపు, యంత్రం పక్కన నిలబడి పట్టుకోవడానికి శిక్షణ కావాలి.

ఆ శిక్షణకు ఒక పుస్తకం ఉంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2000లో ప్రచురించిన టీఆర్‌ఎస్-398 అనే కొలత విధానం. నీటిలో పది సెంటీమీటర్ల లోతున ఛాంబర్ పెట్టడం, వోల్టేజీ మార్చి చూసి తిరిగి కలిసిపోయిన అయాన్ల లెక్క సరిచేయడం, ధ్రువత మార్చి చూడటం, కిరణం నాణ్యతకు తగిన గుణకం వేయడం, ఇలా ప్రతి అడుగూ అందులో ఉంటుంది. డిప్లొమా ఏడాదిలో ఇది చేతికి పట్టేదాకా చేయిస్తారు. ఏ కోర్సులోనైనా ‘ప్రాక్టికల్స్ ఉన్నాయా’ అని కాకుండా ‘ఛాంబర్ పట్టుకుని నా అంతట నేను ఎన్ని కిరణాలు కొలుస్తాను’ అని అడగడం మేలు. మొదటి ప్రశ్నకు అన్నిచోట్లా అవుననే చెబుతారు.

జీవశాస్త్రం వచ్చి పడటం చాలామందిని తడబెట్టే విషయం. ఎంపీసీ తీసుకున్నాక శరీరం గురించి చదవాల్సిన అవసరం లేదనుకున్నవారు మళ్లీ శరీర నిర్మాణం, రేడియేషన్ బయాలజీ చదవాలి. ఎందుకో ఫిజిక్స్‌తోనే చూపించవచ్చు. ఒక గ్రే అంటే కిలోకు ఒక జౌలు శక్తి. ఒళ్లంతటికీ ఒక్కసారిగా నాలుగు గ్రే తగిలితే, సరైన వైద్యం అందని పక్షంలో, దాదాపు సగం మంది బతకరు. నాలుగు గ్రే వల్ల శరీరం ఎంత వేడెక్కుతుందో లెక్కకడితే డిగ్రీలో వెయ్యో వంతు. ఎండలో నాలుగడుగులు వేసినా అంతకంటే ఎక్కువే వేడెక్కుతాం. చంపేది శక్తి మొత్తం కాదు, ఆ శక్తి డీఎన్ఏ పోగుల దగ్గర ముద్దలుగా పడే తీరు. ఈ ఒక్క సంగతి వంటబడితే చాలు, చికిత్సను ముప్పై ముక్కలుగా ఎందుకు పంచుతారో, విడతకూ విడతకూ మధ్య మామూలు కణాలు ఎలా కోలుకుంటాయో అడుగు తర్వాత అడుగుగా అర్థమవుతాయి.

తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల్లో ఈ జీవశాస్త్రం ఏ రోజుకారోజు పనికొస్తుంది. ఆదిలాబాదు నుంచి హైదరాబాదుకో, శ్రీకాకుళం పల్లెల నుంచి విశాఖకో వచ్చిన రోగి ఆరు వారాల చికిత్సలో నడుమ మాయమవుతారు. వరికోతలు రావచ్చు, చేతిలో డబ్బు అయిపోవచ్చు, నోరు పుండయి తిండి దిగకపోవచ్చు. పది రోజుల తర్వాత తిరిగి వస్తే ఆగినచోట నుంచి మొదలుపెడితే సరిపోదు. ఆ పది రోజుల్లో గడ్డ కణాలు మళ్లీ పెరిగి ఉంటాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లో చికిత్స గడువు దాటి సాగే కొద్దీ రోజుకు ఒక శాతం దరిదాపుల్లో ఫలితం తగ్గిపోతుంది. పోయిన రోజులకు ఎంత డోసు కలపాలి, కలిపితే మూత్రాశయం, పురీషనాళం తట్టుకుంటాయా అన్న లెక్క డాక్టరూ ఫిజిసిస్టూ కూర్చుని వేస్తారు. ఆ బల్ల దగ్గర ఫిజిసిస్టు మాటకు బరువు ఉండాలంటే కణం గురించి తెలిసి ఉండాలి. ఎమ్మెస్సీలో ఎవరూ చెప్పని పాఠం ఇది.

మిగతా పేపర్లు కాస్త తొందరగా చెప్పుకోవచ్చు. శరీరం లోపల ఇరీడియం-192 రేడియోధార్మిక మూలం పెట్టి చేసే బ్రాకీథెరపీ ఒకటి. దాని అర్ధజీవిత కాలం 74 రోజులే కాబట్టి మూడు నాలుగు నెలలకోసారి మూలం మార్చాలి, మార్చిన ప్రతిసారీ కొలవాలి. న్యూక్లియర్ మెడిసిన్, ఎక్స్‌రే, సీటీ యంత్రాల భౌతికశాస్త్రం, గణాంకాలు, ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటాయి. ఇవన్నీ పుస్తకం చూసి పట్టుకోగలిగినవే.

రక్షణ గురించిన పేపరు మాత్రం నిలిచి చూడాలి. లీనియర్ యాక్సిలరేటర్ (లైనాక్) అనే చికిత్స యంత్రం పెట్టే గదికి నేరుగా కిరణం తగిలే గోడ రెండు మీటర్లకు పైబడిన కాంక్రీటుతో కట్టాలి. గోడ అవతల ఎవరుంటారు, వారంలో ఎంతసేపు ఉంటారు, యంత్రం ఏ దిక్కుకు ఎంత తరచుగా తిరుగుతుంది అన్నదాన్ని బట్టి మందం లెక్క మారుతుంది. గోడ లేచాక సవరించడం కుదిరే పని కాదు. ఆసుపత్రి నక్షా ఏఈఆర్‌బీ ఆమోదం పొందాకే పునాది తవ్వాలి. సిబ్బందికి తగిలే రేడియేషన్ ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (రేడియేషన్ వల్ల మనిషికి ఉండే ముప్పును లెక్కకట్టే కొలమానం), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. అంతర్జాతీయ సిఫారసు ఏ ఒక్క ఏడాదికైనా 50 దాకా ఒప్పుకుంటుంది. మన దేశం దాన్ని 30కే కట్టేసింది. సామాన్య ప్రజలకైతే ఏడాదికి ఒకటే. సిబ్బంది ఛాతీ మీద పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జి ఈ లెక్క చెబుతుంది. అందులో డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ బిళ్లలు మూడు ఉంటాయి. వాటిని వేడిచేస్తే, తగిలిన రేడియేషన్‌కు తగ్గట్టు వెలుగు వదులుతాయి. ఘనస్థితి భౌతికశాస్త్రం చదివినవారికి ఇది ఇష్టమైన అధ్యాయం కావాలి. బ్యాడ్జి బ్యాగులో పెట్టి మరచిపోయే సీనియర్‌ను చూసి కొత్తవారు అదే నేర్చుకుంటారు. కాబట్టి ఈ క్రమశిక్షణ తరగతి గదిలోనే ఒంటపట్టడం అవసరం.

రక్షణ పాఠాన్ని యూనివర్సిటీలే పట్టించుకోకపోతే ఏమవుతుందో దేశం 2010లో చూసింది. ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగంలో ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న గామా ఇర్రేడియేటర్‌ను, అంటే నమూనాలకు గామా కిరణాలు తగిలించే గామా సెల్‌ను, తుక్కు కింద వేలం వేశారు. అది మాయాపురి తుక్కు మార్కెట్టుకు చేరింది. లోపలి కోబాల్ట్-60 పెన్సిళ్లు విడిపోయాయి. అక్కడ పనిచేసేవాళ్లు రేడియేషన్ బారిన పడ్డారు, ఒకరు చనిపోయారు. గామా సెల్ అంటే ఏమిటో తెలిసిన మనుషులు నిండుగా ఉండే ప్రాంగణం అది. కానీ ఆ పరికరానికి ఫలానావారు బాధ్యులు, ఏటా దాని స్థితి చూసి రాయాల్సింది ఫలానావారు అని నిలబడే ఏర్పాటు తెగిపోయింది. సేఫ్టీ ఆఫీసరు పదవి కాగితం మీది లాంఛనం కాదని చెప్పడానికి మాయాపురిని మించిన ఉదాహరణ మన దేశంలో లేదు.

సీటు, ఇంటర్న్‌షిప్, ఉద్యోగం

బార్క్ కోర్సులో సీట్లు బాగా తక్కువ. బీఎస్సీ, ఎమ్మెస్సీ రెండింటిలోనూ 60 శాతం మార్కులు అడగడం రివాజు. ప్రవేశ పరీక్షలో ఎమ్మెస్సీ స్థాయి ఫిజిక్స్ గట్టిగానే ఉంటుంది. నెట్‌కో గేట్‌కో చదువుతున్నవారికి వేరే తయారీ పెద్దగా అక్కర్లేదు. దేశంలో ఇంకొన్ని యూనివర్సిటీలూ ఆసుపత్రులూ ఇలాంటి డిప్లొమాలో, మెడికల్ ఫిజిక్స్ ఎమ్మెస్సీలో నడుపుతున్నాయి. చెన్నైలోని అన్నా యూనివర్సిటీ ఎమ్మెస్సీ వాటిలో పాతది, పేరున్నది. ఎక్కడ చేరినా ముందు ఏఈఆర్‌బీ గుర్తింపు జాబితాలో ఆ కోర్సు పేరు ఉందో లేదో స్వయంగా చూసుకోవాలి. బ్రోషర్‌లో ‘గుర్తింపు ఉంది’ అని రాసుకోవడం, ఆ జాబితాలో ఉండటం ఒకటి కాదు. యూజీసీ గుర్తింపున్న యూనివర్సిటీ ఇచ్చిన డిప్లొమా అయినా ఏఈఆర్‌బీ షరతులకు సరిపోకపోతే ఆ పట్టా చూపి ఫిజిసిస్టు కావడం కుదరదు.

రెండు దారుల్లో ఏది మంచిదన్న వాదన ఎప్పుడూ ఉంటుంది. నేరుగా మెడికల్ ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేస్తే ఏడాది కలిసొస్తుంది. ఇంటి పరిస్థితి తొందరపెడుతున్నవారికి అది చిన్న విషయం కాదు. అయినా రెండోది, అంటే ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆపైన డిప్లొమా, ఎక్కువమందికి మేలైన దారి. దీనికి ఉద్యోగపరమైన కారణం ఒకటుంది: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేతిలో ఉంటే లెక్చరర్ పోస్టులు, నెట్, ఏ శాఖలోనైనా పీహెచ్‌డీ తెరిచే ఉంటాయి, ఆసుపత్రి పని నచ్చకపోతే వెనక్కి రావచ్చు. ఇరవై ఏళ్ల వయసులో, ఆసుపత్రి లోపల ఒక్కరోజు గడపకుండా, జీవితమంతా అక్కడే ఉంటానని తీర్మానించుకోవడం కష్టం. ఎమ్మెస్సీ ముగిశాక ఆ నిర్ణయం కాస్త కళ్లు తెరిచి తీసుకోవచ్చు. క్వాంటం మెకానిక్స్, ఘనస్థితి భౌతికశాస్త్రం రెండేళ్లు తీరిగ్గా చదివినవారు పదేళ్ల తర్వాత కొత్త రకం డిటెక్టరో ప్రోటాన్ కిరణమో వచ్చినప్పుడు బెదరరు.

అసలు ఇరుకు డిప్లొమా దగ్గర కాదు, ఆ తర్వాతి పన్నెండు నెలల దగ్గర ఉంది. ఇంటర్న్‌షిప్ పూర్తికానిదే అర్హత పూర్తికాదు. తగిన యంత్రాలూ సీనియర్ ఫిజిసిస్టులూ ఉన్న విభాగాలు కొన్నే, అక్కడి ఇంటర్న్ స్థానాలు ఇంకా కొన్ని. కొన్నిచోట్ల స్టైపెండు ఇస్తారు, కొన్నిచోట్ల నామమాత్రం, కొన్నిచోట్ల అదీ లేదు. హైదరాబాదులోనో ముంబయిలోనో సొంత ఖర్చుతో ఏడాది ఉండగలిగినవారికే ఈ గడప దాటడం తేలికైతే, ఊళ్లలో డిగ్రీ చదివి మార్కులతో పైకొచ్చిన పిల్లలు ఇక్కడ ఆగిపోతారు. నియమం పెట్టిన వ్యవస్థ ఆ నియమం పూర్తిచేసే వీలు కూడా చూపించాలి. హైదరాబాదులో ఎంఎన్‌జే, నిమ్స్, తిరుపతిలో స్విమ్స్, విశాఖలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి ప్రభుత్వ రంగ సంస్థలు ఈ రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి. డాక్టర్ల హౌస్ సర్జన్సీకి స్టైపెండు ఇవ్వడం హక్కుగా మారిన చోట, డోసుకు పూచీపడే ఫిజిసిస్టు ఇంటర్న్‌షిప్‌ను గాలికి వదిలేయడం అన్యాయం.

ఇంటర్న్‌షిప్ దాటాక సేఫ్టీ ఆఫీసరు సర్టిఫికేషన్ పరీక్ష ఉంటుంది. దాన్ని బార్క్ విభాగం నిర్వహిస్తుంది. అందులో నెగ్గాక, పనిచేసే ఆసుపత్రి పేరు మీద ఏఈఆర్‌బీ ఆమోదం రావాలి. ఉద్యోగం మారితే ఆ ఆమోదం మళ్లీ కొత్త ఆసుపత్రి పేరు మీద తెచ్చుకోవాలి.

ఉద్యోగం విషయంలో ఆశా జాగ్రత్తా రెండూ అవసరం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ రేడియోథెరపీకీ వర్తించడంతో, పేదలు ఈ చికిత్స దాకా రాగలిగారు. హైదరాబాదు, విజయవాడ, విశాఖలతో ఆగకుండా చిన్న నగరాల్లోనూ లైనాక్‌లు వచ్చాయి. యంత్రం వచ్చిన ప్రతిచోటా ఫిజిసిస్టు ఉండక తప్పదు. కానీ చిన్న కేంద్రాల్లో ఎక్కువగా ఉండేది ఒక్కరే. పగలంతా యంత్రం మీద రోగులు ఉంటారు కాబట్టి కొలతలకు దొరికేది తెల్లవారుజాము, రాత్రి, ఆదివారం. తన ప్లాన్‌ను రెండోసారి తనిఖీ చేసేవారు పక్కన ఉండరు. పనామాలో 2000-01లో 28 మంది రోగులకు అధిక డోసు తగిలిన ప్రమాదంలో, ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌కు, ఆరోగ్యంగా ఉన్న భాగాలకు కిరణం తగలకుండా అడ్డుపెట్టే రక్షణ దిమ్మెల వివరాలు కొత్త పద్ధతిలో ఎక్కించారు, అది ఇచ్చిన చికిత్స సమయాన్ని చేత్తో ఒకసారి లెక్కకట్టి సరిచూడలేదు. రెండో మనిషి ఖర్చు కాదని యాజమాన్యాలకు చెప్పడానికి ఈ ప్రమాదం చాలు. మొదటి ఉద్యోగం ఇద్దరు ముగ్గురు ఫిజిసిస్టులున్న చోట చేయడం, జీతం కొంత తక్కువైనా, ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పనికొస్తుంది.

విదేశాల గురించి అపోహలు పెట్టుకోకూడదు. గల్ఫ్ దేశాల ఆసుపత్రుల్లో మన ఫిజిసిస్టులు పనిచేస్తున్నారు. అమెరికాలో మాత్రం 2014 నుంచి బోర్డు పరీక్ష దారిలోకి రావాలంటే మెడికల్ ఫిజిక్స్ కోర్సులకు గుర్తింపునిచ్చే క్యాంపెప్ అనే సంస్థ గుర్తింపున్న రెసిడెన్సీ (ఆసుపత్రి శిక్షణ) చేసి ఉండాలన్నది నియమం. ఇక్కడి డిప్లొమా, అనుభవం చూపి నేరుగా ఆ దారిలోకి వెళ్లడం కుదరదు. అటు వెళ్లాలన్నది మొదటినుంచీ లక్ష్యమైతే ఇక్కడ ఏడాది పెట్టకముందే అక్కడి గ్రాడ్యుయేట్ కోర్సుల వైపు చూడటం నయం.

ఇప్పుడు ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో ఉన్నవారు చేయగలిగిన పని ఒకటుంది. దగ్గర్లోని రేడియోథెరపీ విభాగంలో ఫిజిసిస్టును కలిసి, పొద్దున యంత్రం తనిఖీ జరిగేటప్పుడు పక్కన నిలబడి చూడటానికి అనుమతి అడగడం. ఆ గంటలో బారోమీటరు, థర్మామీటరు, నీటి ఫాంటమ్, ఛాంబర్, ఎలక్ట్రోమీటరు, రీడింగులు రాసుకునే పుస్తకం కనిపిస్తాయి. అదే రీడింగు మూడుసార్లు తీసుకోవడం, నిన్నటి అంకెతో పోల్చడం, తేడా ఉంటే మళ్లీ మొదలుపెట్టడం కనిపిస్తుంది. పరిశోధనలో ఉండే కొత్తదనం ఇందులో ఉండదు, రేపు కూడా ఇదే చేయాలి. దాన్ని చూశాక కూడా ఇది చేయాలనిపించినవారు ప్రవేశ ప్రకటన కోసం హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్, బార్క్ వెబ్‌సైట్లు గమనిస్తూ ఉండాలి. చివరి సెమిస్టరు ఫలితాలు ఆలస్యమయ్యే యూనివర్సిటీల విద్యార్థులు, మార్కుల పత్రం ఏ తేదీలోగా చూపాలో ఆ ప్రకటనలో ముందే చదువుకోవాలి.